ముక్కు దిబ్బడ

ఎనుమాముల యార్డుల తొడిమె తీసుడు నా పని.
కాయను ముక్కుకాడ పెట్టుకుంటె చాలు
నిమ్మున్నదో లేదో చెప్పేదాన్ని.
మిషిని పెట్టే ముందు సేటు నన్నే పిలిచేటోడు.

సలికాలం వట్టిన సర్ది దిగలేదు.
కనుబొమల నడుమ ఎవలో గడ్డపార దించినట్టు,
వంగితే నెత్తిల నీళ్లబిందె ఒరిగినట్టు.
మూడు వారాలాయె.
గుట్టలు గుట్టలు మిరపకాయ నడుమ కూసుండి
ఒక్క తుమ్ము రాలేదంటె నమ్ముతరా?
పక్కగుంపు ఆడోళ్లంత కొంగులడ్డం పెట్టుకోని దగ్గుతుంటె
నేనొక్కదాన్నే బండరాయి లెక్క.

ఎమ్జీఎంల పొద్దటిసంది లైనుల నిలవడితె
డాక్టరు పోరడు, ఇంకా మీసం కుదురుకోలె,
చీటి మీద సైనసని రాసి
'మిర్చి పనికి పోకమ్మా' అన్నడు.
అట్లనే బిడ్డా, అన్న.
తెల్లారి ఆరుగంటల ఆటోల మళ్ల నేనే.

ఇగ మా వాడకట్టంత వైద్యులే.

ఖాజాబీ జిందా తిలిస్మాత్ సీస తెచ్చి
రెండు సుక్కలు చాయల వోసింది, రెండు దస్తీ మీద.
నాలిక మండింది, ముక్కు కదల్లె.
బుచ్చవ్వ పసుపుకొమ్ము దీపానికి గాల్చి
పొగ చూపిచ్చింది.
కండ్లకు నీళ్లొచ్చినయ్, ముక్కుకు కబురందలె.
ఓమ పెంక మీద వేంచి మూటగట్టి
నొసలుకు కాపడం పెట్టుకోని పండుకుంటె
నిద్రయితె పట్టింది, అదే లాభం.
మంథెన్ల ఉన్న చెల్లె ఫోన్ల జెప్పింది
ఉప్పునీళ్ల సంగతి:
'కాగబెట్టి సల్లార్చినయే అక్కా, నల్లానీళ్లు గాదు.'
ఒక పక్కనుంచి పోస్తె ఇంకో పక్కకెళ్లి రావాల్నట.
నాకు చెవులకు పోయినయ్.
రాత్రంత నెత్తిల వడ్డేపల్లి చెరువు సప్పుడు.

ఈ మూడు వారాలు వంట ఆయినెదే.
హమాలి దిగొచ్చి, భుజం మీది బస్తా అచ్చు పోకముందే
పొయ్యి ముట్టిచ్చేటోడు.
కంచంల పప్పేసి ఎదురుంగ కూసునేది.
'ఎట్లున్నది?'
నాకు వేడి దెలుస్తది, ఉప్పు జరంత దెలుస్తది.
'మంచిగున్నది' అనేదాన్ని.
ఆయినె ఇంకో గంటెడు ఏసేటోడు.

ఐతారం యార్డు బందు.
పొద్దుగాల్నే సైకిలేసుకోని కాలువగట్టుకు పోయి
సంచెడు వావిలాకు తెంపుకొచ్చిండు.
గంజుల నీళ్లు మసిలినంక ఆకేసి, చిటికెడు పసుపేసి,
దించి ముక్కాలిపీట ముందు పెట్టి
'మరీ వంగకు, మొఖం కాల్తది' అని
మా మామ గొంగడి తెచ్చి నా మీద కప్పిండు.

లోపట చీకటి. ఆవిరి. నేనొక్కదాన్నే.
లగ్గమైనంక ఇంత ఒంటిగ ఎన్నడు కూసోలె.
పైస లెక్క లేదు, బస్తా లెక్క లేదు,
నా ఊపిరి నాకు వినవడ్డది.

ఎంతసేపాయెనో,
కుడిపక్క సన్నగ ఈలేసింది,
సీమ దూరేంత సందు.
ముందుగాల గొర్రెబొచ్చు వాసన,
వానల తడిసిన మంద, ఎన్నడో పోయిన మామ చుట్టపొగ.
ఎన్క వావిలి చేదు.
దాని ఎన్క, గొంగడి అంచు వట్టుకున్న చెయ్యి:
తేజ కాయ ఘాటు, గోనెపట్ట, చెమట.

ఆయినె పేరు నా నోట రాదు.
అదొక పువ్వు పేరు.
వాగు పొంటి ముండ్ల నడుమ పూస్తది,
వాసనకు పాములొస్తయంటరు.

అప్పుడొచ్చింది పొయ్యికాడికెళ్లి
అడుగంటిన పప్పు, మాడిన ఎల్లిగడ్డ.
మూడు వారాలు గిదా నేను మంచిగున్నదన్నది!

గొంగడి కొస లేపి మెల్లగ అడిగిండు,
'ఏమన్న వాసనొస్తున్నదా?'

'ఏడిది' అన్న.
'రేపొకనాడు మళ్ల వట్టాలె.'